చుక్కల మేడం రాలేదు

శారదా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఇవాళ పోలియో చుక్కల ఆదివారం. ఫిల్మ్ నగర్ బస్తీలో యాదమ్మ నువ్వొస్తే గాని మనవరాలికి చుక్కలు వేయించనంటోందని మీ సర్వే బృందం నన్ను రమ్మంది. చుక్కలంటే జనానికి భయమెందుకో అడిగి రాసుకునే మీ పని ఇంకా సాగుతోంది.

నీ సంగతి బస్తీలో ఎవరికీ చెప్పలేదట. చుక్కల మేడమే పోయిందని తెలిస్తే ఇక ఎవరూ పిల్లల్ని తీసుకురారని మీ ప్రొఫెసర్ గారి భయం. నన్నూ చెప్పొద్దన్నారు. సరేనన్నాను.

యాదమ్మ కోడలు సినిమా షూటింగుకు వెళ్ళిందట, మనవరాలిని యాదమ్మే ఎత్తుకుని ఉంది. నిన్ను స్కూటర్ మీద దింపేవాణ్ణి కదా, గుర్తుపట్టింది.

"మేడం రాలే సారూ?"

"ఊరెళ్ళింది."

"గట్లయితే ఆమె వచ్చినంకనే ఏపిస్త. అందరు ఏపియ్యి ఏపియ్యి అనెటోళ్ళే. ఆమెనే జర కూసోని నా ఫికరేందో అడిగింది."

నీ చోట చేరిన సుజాత నా వైపు చూసింది.

"ఆవిడ ఇక రాదు యాదమ్మా. గుండె ఆగి చనిపోయింది," అన్నాను. అంత మామూలుగా అనగలనని నాకే తెలియదు.

"చుక్కలతోని గాదు గదా?"

"కాదు. ఎప్పటినుంచో ఉన్న జబ్బు."

ఆమె పిల్ల మూతి కొంగుతో తుడిచింది. తర్వాత పిల్లను నా చేతుల్లో పెట్టింది.

"మీరే పట్టుకోండ్రి సారూ."

నర్సు చుక్కలు వేసింది. పిల్ల మూతి ముడిచింది కానీ ఏడవలేదు. యాదమ్మే గోడవైపు తిరిగి ఏడ్చింది. నాకేమీ అనిపించలేదు శారదా. పిల్ల బరువుగా ఉంది, అంతే.