డెక్ లైట్లు

జూన్ 3
మందులు తెచ్చాను. రెండు దుప్పట్లు ఉతికాను. ఈయన పగలంతా నిద్రే. పిలిచినా, చెయ్యి తట్టినా పలకలేదు. వెలుగు తగ్గాక కళ్ళు తెరిచి, కిటికీ తలుపు కిర్రుమంటోంది, నూనె వెయ్యమన్నారు. వేశాను.

జూన్ 4
ఇవాళా అంతే. పొద్దు వాలాకే పైకి వచ్చారు.

"పైకి వచ్చారు" అని రాశాను. ఇది ఆయన మాటే. ముప్ఫై ఏళ్ళు పరిశోధన పడవ మీద ఆయన గమనించింది అదే. నువ్వుగింజంత కూడా ఉండని సముద్రపు జీవాలు. పగలు చేపల కంట పడకుండా లోతుకు దిగిపోతాయి. చీకటి పడితే మేతకు పైకొస్తాయి. తెల్లవారేలోగా మళ్ళీ కిందికి. పెళ్ళయిన కొత్తలో వాటిని కాఫీపొడి సీసాలో తెచ్చి సింకు పక్కన పెడితే, మురికినీళ్ళనుకుని పారబోశాను. కోప్పడలేదు. ఇంటికొచ్చిన చుట్టాలందర్నీ కాలవలోకి తోసేశావు, ఒక్కరికైనా కాఫీ ఇచ్చావా అన్నారు.

జూన్ 6
వదినగారు వచ్చారు. మా తమ్ముడికి చిన్నప్పట్నుంచీ పగలు నిద్ర, రాత్రి పెత్తనం అని నవ్వారు. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నారు.

డాక్టరు ఇక వారమే అన్నాడు. చిట్టికి ఫోన్ చేశాను. ఎల్లుండి వస్తుందట. లీవు లేదు, మర్నాడు సాయంత్రమే తిరుగు ఫ్లైటు. నాన్న ఒక్క మాట మాట్లాడితే చాలంది.

జూన్ 8
చిట్టి చీకటి పడుతుండగా వచ్చింది. ఇల్లంతా లైట్లు వేశాను. తండ్రి మొహం దానికి బాగా కనపడాలని హాల్లోంచి స్టాండు లైటు తెచ్చి మంచం తల దగ్గర పెట్టాను. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని గోడవైపు తిరిగారు. ఎన్నిసార్లు నాన్నా అన్నా తిరగలేదు. అది తెల్లవార్లూ చెయ్యి పట్టుకుని కూర్చుంది. లైట్లు అలాగే ఉంచాను.

జూన్ 9
చిట్టి వెళ్ళింది. గుమ్మంలో ఆగి, నాన్నకు నా మీద కోపమా అని అడిగింది. పిచ్చిదానా అన్నాను.

టాక్సీ మలుపు తిరిగాక, స్టాండు లైటు ప్లగ్గు పీకుతుంటే గుర్తొచ్చింది. రాత్రి సముద్రంలోకి వల దింపేముందు పడవ డెక్ లైట్లన్నీ ఆర్పాలి. వెలుతురు పడితే ఆ జీవాలు పైకి రావు, వల ఖాళీగా వస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకు ఆయన చెప్పే మొదటి పాఠం. నాకూ ఎన్నోసార్లు చెప్పారు. ప్లగ్గు పట్టుకుని నేలమీద కూర్చుండిపోయాను.

అదే రోజు, పొద్దుపోయాక
లైట్లన్నీ తీసేసి కిటికీ తెరిచాను. కాసేపటికి కదిలారు.

"చిట్టి వచ్చిందా?"

"వచ్చిందండీ. లోపల పడుకుంది."

"అలిసిపోయుంటుంది. లేపకు."

ఫోను వెలుతురు ఆయన మీద పడకుండా కొంగు కప్పి నంబరు నొక్కాను. స్విచాఫ్. ఇంకా విమానంలోనే ఉంది. తలెత్తేసరికి ఆయన మళ్ళీ నిద్రలోకి దిగిపోయారు.

జూన్ 11
చిట్టికి ఫోన్లో ఆయన అడిగిన మాట చెప్పాను. ఏ గొంతుతో అన్నారమ్మా అని అడిగింది. మామూలుగానే అన్నారని చెప్పాను.

సముద్రం అడుగునుంచి చల్లని నీళ్ళు పైకొచ్చే నెలల్లో వల గంజిలా చిక్కగా వచ్చేదట. సీజను ఒక్కసారిగా అయిపోదు, రోజురోజుకూ వల తేలికవుతుంది అనేవారు. ఇవాళ పెదవులు కదిలాయి. మాట రాలేదు.

జూన్ 13
తెల్లవారకముందే పోయారు.

జూన్ 27
వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. మంచం మడిచి గోడకు ఆనించాం. పొద్దు వాలింది. వదినగారు లైటు వేయబోయారు. కాసేపు ఉండండి అన్నాను.