మార్కు గారి నిరభ్యంతర పత్రం

తార్నాక,
యూనివర్సిటీ పరిశోధన విభాగం.

కుమారి పూర్ణిమ గారికి,

మీరు సమర్పించిన ‘తొలి సువార్తల పుట్టుక’ అను సిద్ధాంత గ్రంథాన్ని కంప్యూటరులో పోలికల తనిఖీకి పెట్టగా, దాదాపు మొత్తం కాపీ అని వచ్చినది. ఎవరిని చూసి రాశారో తెలుసుకొనుటకు మొదటి అధ్యాయం చదివితిమి. మత్తయి, లూకా అనువారు మార్కు అనే ఆయన రాసినది ముందు పెట్టుకుని రాశారని మీరే ఒప్పుకున్నారు. కావున మార్కు గారి నిరభ్యంతర పత్రం జతచేయవలెను. నెలాఖరులోగా అందనిచో మీ రిజిస్ట్రేషన్ రద్దగును.

ఇట్లు,
శేషాద్రి, సూపరింటెండెంట్

తా.క. మార్కు గారు వేరే ఊళ్లో ఉంటే స్కాన్ కాపీ చాలు.

---

లాలాపేట్.

గౌరవనీయులైన శేషాద్రి గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది సార్. మార్కు, మత్తయి, లూకా మా బ్యాచ్ వాళ్లు కారు. పంతొమ్మిది వందల ఏళ్ల కిందట ఏసుక్రీస్తు కథను గ్రీకులో రాసినవాళ్లు. ముగ్గురి పుస్తకాల్లో వాక్యాలకు వాక్యాలే కలుస్తాయి. ఎవరు ఎవరిది చూసి రాశారన్నదే నా పరిశోధన. అసలు ఆ పేర్లు కూడా తరువాతి వాళ్లు పెట్టినవని చాలామంది పండితుల మాట. దయచేసి నా గ్రంథాన్ని ఆపకండి. వచ్చే నెల లెక్చరర్ ఇంటర్వ్యూ ఉంది. డాక్టరేట్ లేకపోతే నన్ను గేటు దగ్గరే పంపించేస్తారు.

విధేయురాలు,
పూర్ణిమ

తా.క. మా అమ్మ మీ ఉత్తరం చదివి, “ఇన్నేండ్లు చదివి ఆఖరికి చూసి రాసినవా బిడ్డా?” అన్నది. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

---

తార్నాక.

కుమారి పూర్ణిమ గారికి,

మీ జవాబుతో వ్యవహారం మరింత చిక్కుపడినది. పేర్లు వారివి కావంటే, ఒకరి పేరుతో మరొకరు పరీక్ష రాసిన కేసు అవుతుంది. మార్కు గారు కాలం చేసి ఉంటే మరణ ధ్రువపత్రం, వారసుల సంతకాలు కావలెను. అదీగాక, మత్తయి, లూకా ఇద్దరూ వాడుకున్న మరొక పత్రం ఉండేదని, అది పోయిందని మూడవ అధ్యాయంలో రాశారు. పోయిన పత్రానికి పోలీసు ఫిర్యాదు నకలు తప్పనిసరి.

ఇట్లు,
శేషాద్రి

తా.క. మార్కు గారి పుస్తకం ఉన్నట్టుండి ఆగిపోతుందని కూడా రాశారు. చివరి పేజీ జిరాక్స్ షాపులో ఉండిపోయిందేమో అడిగి చూడండి.

---

లాలాపేట్.

శేషాద్రి గారికి,

పోలీస్ స్టేషన్‌కు కూడా వెళ్లొచ్చాను సార్. పత్రం చివరిసారి ఎక్కడ చూశారని అడిగారు. ఇంతవరకు ఎవరూ చూడలేదు, ఉండి ఉంటుందని పండితుల ఊహ అన్నాను. కానిస్టేబుల్ కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చి, ఇంట్లో ఎవరికైనా ఫోన్ చేయాలా అని అడిగాడు.

నాకు నిద్ర పట్టడం లేదు. మా గైడ్ నరహరి గారు ఫోన్ ఎత్తడం లేదు. నెలాఖరు దగ్గరపడింది. ఒక్క మేలు చేయండి. నాది ఏ పుస్తకంతో కలిసిందని కంప్యూటర్ చెప్పిందో, ఆ పేరైనా చూడండి.

మీ పూర్ణిమ

తా.క. విశ్వాసులు ఈ సువార్తలను దేవుడే ప్రేరేపించి రాయించాడంటారు. దీని మీద నాలుగో అధ్యాయం ఉంది. మీరు అక్కడిదాకా వెళ్లకముందే చెబుతున్నాను, ఆయన సంతకం నా వల్ల కాదు.

---

తార్నాక.

అమ్మా పూర్ణిమా,

నీ ఉత్తరం చూసి నాకూ నిద్ర పట్టలేదు. స్వయంగా కూర్చుని రిపోర్టు మొత్తం తిరగేశాను. నీది కలిసిన పుస్తకం మా ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉంది. పేరు ‘తొలి సువార్తల పుట్టుక’. రాసింది పూర్ణిమ, లాలాపేట్.

మా ఆఫీసు గుమాస్తా దేవేందర్ నీ గ్రంథాన్ని ఎక్కిస్తుండగా నెట్ పోయిందట. ఎక్కలేదనుకుని మళ్లీ ఎక్కించాడు. రెండోదాన్ని తనిఖీ చేస్తే మొదటిది దొరికింది. నిన్ను ఇంత ఏడిపించినందుకు నాకు చాలా సిగ్గుగా ఉంది. మీ అమ్మగారికి నేనే ఫోన్ చేసి చెబుతాను.

మొదటిదాన్ని తీసేయడానికి మాకు అధికారం లేదు, కమిటీ కూర్చోవాలి. నెలాఖరులోగా అది అయ్యే పని కాదు. నిబంధన ప్రకారం దారి ఒక్కటే. ముందు రాసిన పూర్ణిమ, తరువాత రాసిన పూర్ణిమకు నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. రేపు తెచ్చిస్తే రేపే నీ గ్రంథం పరీక్షకులకు వెళుతుంది.

ఆశీస్సులతో,
శేషాద్రి

తా.క. ఇద్దరి సంతకాలూ ఒకేలా లేకుండా చూసుకో తల్లీ. మళ్లీ కాపీ అంటారు.