మస్తాన్‌బీ అడిగిన మాట

మంగళవారం

ఈ రోజు మిరప రైతుల మీటింగులో పురుగుమందుల కంపెనీ ఆఫీసరు గంటసేపు మాట్లాడి, "డౌట్లేమైనా ఉన్నాయా?" అన్నాడు. ఎవరూ అడగరన్న ధీమాతోనే అడిగాడు. కాయలు కోసే మస్తాన్‌బీ లేచింది.

"ఈ మందు కొట్టాక ఎన్ని రోజులకి చేలోకి దిగొచ్చండి? చేతులు మండిపోతున్నాయి."

"అది మీ రైతు చూసుకుంటాడులేమ్మా, నువ్వు కాయలు కొయ్యి," అని నవ్వాడు.

వాడికి తెలియదు. తెలియనివాడి నవ్వు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. రైతులంతా నవ్వారు. ఊరికి వ్యవసాయ సహాయకుణ్ణయిన నేనూ నవ్వాను.

మీటింగయ్యాక ఆ మందు సీసా తీసి చదివాను. చీమ తలంత అక్షరాల్లో ఏడు రోజులని ఉంది. రెండేళ్లుగా ఇదే మందు కొట్టమని చెబుతున్నాను, ఒక్కసారీ చదవలేదు. నన్నెవరూ ఏమీ అడగకపోవడం నా తెలివేననుకున్నాను, సిగ్గులేకుండా.

సాయంత్రం మస్తాన్‌బీ ఇంటికి వెళ్లి చెప్పాను.

"ఏడు రోజులా? మమ్మల్ని మర్నాడే దింపుతున్నారండి," అంది. మళ్లీ తనే, "మరి అక్కడే చెప్పలేదేమండి?" అంది.

అప్పటికి నాకూ తెలియదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. మర్చిపోయానన్నాను. ఆవిడ నమ్మింది.