మూడడుగుల పరుపు

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ అమ్మాయీ బాగున్నాం. మీ నడుం తప్ప మిగతా మీరంతా బాగున్నారని తలుస్తాను.

మీ ఉత్తరం కిందటి వారం సోమవారం అందింది. ఫోన్ చేయకుండా ఇంత ఉత్తరం రాశారంటే పెద్ద విషయమే అనుకున్నాను. జవాబు నేనూ ఉత్తరంగానే రాస్తున్నాను. ఫోన్లో అయితే నా మాట సగంలో ఉండగానే మీరు పెట్టేస్తారు. దీన్ని చించెయ్యాలన్నా చదివాకే చించుతారు కదా.

డిస్కు జారిందని డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా చూశాం. ఇక క్రేను నడపలేరని కంపెనీవాళ్లు పంపించేస్తున్నారట. వచ్చే నెల ఇరవయ్యో తారీఖుకి వస్తానని రాశారు. "కూర్చుంటే లేవలేను, బూటు తాడు కట్టుకోవాలన్నా పక్క గదివాణ్ణి పిలవాలి" అన్న చోట అమ్మాయి చదవడం ఆపేసింది. మిగతాది నేనే చదువుకున్నాను. పాపం అనిపించింది. అబద్ధం ఎందుకు, టీ మరిగేంతసేపు అనిపించింది.

మీరు అడిగినవాటికి జవాబులు చెబుతాను. వెనక గది పైకప్పు కారడం ఆగింది. నిచ్చెన వేసుకుని నేనే తారు పూశాను. వేణ్ణీళ్ల సంచీ కొని ఉంచమన్నారు. కొనక్కర్లేదు, పదకొండేళ్లుగా ఇంట్లోనే ఉంది. రెండుసార్లు పగిలితే మళ్లీ తెచ్చుకున్నాను. ఎవరికోసం అని మీరెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

రోజూ నడుముకి మందు ఎవరు రాస్తారు అని అడిగారు. ఇదే మాట ఒకప్పుడు నేను మిమ్మల్ని అడిగాను. "నీది నడుమా, గాజుబొమ్మా? నాలుగు రోజులు వంటింట్లో తిరుగు, అదే సర్దుకుంటుంది" అన్నారు. మంచి సలహా, నేను మరిచిపోలేదు. మీరూ తిరగండి. నేను ఆరింటికే ఆస్పత్రికి వెళ్లిపోతాను కాబట్టి వంటిల్లు ఖాళీగానే ఉంటుంది.

ఆస్పత్రి లాండ్రీలో కొత్త మిషన్ పెట్టారు. ఉతకడం, పిండడం దాని పని. తడి దుప్పట్ల కట్టలు ఎత్తి ఆరబెట్టే డ్రమ్ములో పడెయ్యడం మాత్రం ఇంకా మా పనే. మొన్న ఒక కట్ట ఎత్తుతుంటే నడుం పట్టేసింది. అలా వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయి, మీ ఉత్తరం గుర్తొచ్చి నవ్వాను. మా సూపర్‌వైజరమ్మ "ఏంటే, లాటరీ తగిలిందా?" అంది. తగిలిందన్నాను.

ఇక పరుపు. ఆరడుగులకి ఆరడుగులు, పది అంగుళాల మందం, వెన్నలా మెత్తగా ఉండాలి, నా బదులు నువ్వే పడుకుని చూసి తీసుకో అని రాశారు. అమ్మాయీ నేనూ పోయిన ఆదివారం మూడు కొట్లు తిరిగాం. మొదటి కొట్లో పరుపు ఎంత మెత్తనిదంటే, ఎక్కగానే మునిగిపోయాను. అమ్మాయి చెయ్యిచ్చి లాగితే గానీ లేవలేకపోయాను. రెండో కొట్లోది ఉత్త బల్ల. మూడోది ఒక పెద్దాయన కొట్టు. బతుకంతా పరుపులు కుట్టిన మనిషి, వేళ్ల నిండా సూదిపోట్లే.

"ఎవరికమ్మా?" అన్నాడు.

"మా ఆయనకండీ. నడుం నొప్పి."

"మరి ఆయనేరీ?"

"దూరాన ఉన్నారు. ఆయన బదులు నన్ను పడుకుని చూడమన్నారు."

"బాగుంది. రేపు ఆయనకి పన్ను నొప్పొస్తే నువ్వు పీకించుకుంటావా?"

అమ్మాయి ఘొల్లున నవ్వింది. తర్వాత ఆయన నింపాదిగా చెప్పాడు. నడుం నొప్పికి మెత్తటిదీ పనికిరాదు, రాయిలాంటిదీ పనికిరాదట. ఇంట్లో ఎలా పడుకుంటామో అలాగే పావుగంట పడుకోవాలి. అప్పుడు ఇంకొకరు నడుం కింద చెయ్యి పెట్టి చూడాలి. చెయ్యి సులువుగా దూరిపోతే పరుపు మరీ గట్టిది. అసలు దూరకపోతే నడుం కుంగిపోయినట్టు. చెయ్యి దూరాలి, కానీ కాస్త ఇరుగ్గా పట్టాలి. "నడుం కుంగితే అంతే సంగతులమ్మా. ఏళ్ల తరబడి గుంటలో పడుకున్నవాడు చివరికి నా దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి పోతాడు" అన్నాడు.

నాకు తెలుసు అనబోయి నాలుక కరుచుకున్నాను.

చెప్పులు విప్పి పడుకున్నాను. కాసేపటికి పెద్దాయన గొంతు వినిపించింది. "అంత అంచుకెందుకమ్మా? ఆరడుగుల పరుపు మీద జానెడు చాలా నీకు? ఇక్కడ నిన్ను తోసేవాళ్లెవరూ లేరులే."

కళ్లు తెరిచి చూస్తే నిజమే. ఒక కాలు కిందికి వేలాడుతోంది. ఆయన మామూలుగానే అన్నాడు. కాలు పైకి లాక్కున్నాను. "మధ్యకి జరుగు" అన్నాడు. జరిగాను. చేతులు రెండూ బారచాపాను. ఎవరి మోచెయ్యీ తగల్లేదు. అలాగే నిద్రపోయాను. కొట్లో, పదిమంది తిరుగుతుండగా, గంటన్నరసేపు. మెలకువ వచ్చేసరికి అమ్మాయి నా నడుం కింద చెయ్యి పెట్టుకుని కూర్చునుంది.

"సరిగ్గా పట్టిందమ్మా" అంది. ఏడుస్తోంది.

"ఎందుకే, ఏమైందిప్పుడు?"

"నేను చూశానమ్మా. ఆ రోజు తలుపు పక్కనే ఉన్నా. బాత్రూంలో జారిపడ్డానని నువ్వు అందరికీ చెబుతుంటే నేనూ అదే చెప్పా."

దానికప్పుడు తొమ్మిదేళ్లు. పదకొండేళ్లు కడుపులో దాచుకుంది పిచ్చిది. మీకు గుర్తుందో లేదో, చెబుతాను. నైట్ డ్యూటీ చేసొచ్చి మధ్యాహ్నం పడుకున్నారు. నా చేతిలో బకెట్ జారి చప్పుడైంది. మీకు నిద్ర చెడిందని, సముదాయిద్దామని వచ్చి మంచం అంచున కూర్చున్నాను. కాలితో ఒక్క తన్ను తన్నారు. ట్రంకుపెట్టె అంచు మీద నడుం పెట్టి పడ్డాను. "నాటకాలు చాలు, లేచి టీ పెట్టు" అన్నారు. లేవడానికి చాలాసేపు పట్టింది. గోడ పట్టుకుని వెళ్లి టీ పెట్టాను. చక్కెర తక్కువైందన్నారు.

మీ చివరి ప్రశ్న ఒకటి మిగిలింది. "ఇక్కడ ఇనప మంచం మీద ఫరవాలేదు. ఏటా సెలవుకి ఇంటికొచ్చి వెళ్లాకే నొప్పి ముదురుతోంది, ఎందుకో డాక్టరుకీ అంతుపట్టడం లేదు" అని రాశారు.

డాక్టరుకి అంతుపట్టదు. మన మంచానికి నడిమి దూలం ఉంది చూశారా, దానికి మీ వైపు ఏడు చెక్కలు, నా వైపు ఏడు. మీరు ఆ దూరపు ఉద్యోగంలో చేరాక, మొదటి సెలవుకి ఇంకో వారం ఉందనగా, మీ వైపు నాలుగో చెక్క ఊడదీశాను. సరిగ్గా నడుం ఆనే చోటిది. పైన పరుపు వేస్తే ఏమీ తెలియదు. పడుకున్నాక మాత్రం నడుం కిందికి దిగుతుంది. "ఎంతైనా ఇంటి పరుపు ఇంటి పరుపేనే, ఎంత మెత్తగా ఉందో" అన్నారు మీరు. ఏటా నలభై రోజులు, పదేళ్లు.

ఈ పదేళ్లలో దుప్పటి మార్చడానికి ఒక్కసారి పరుపు ఎత్తి ఉంటే మీకే కనిపించేది. మొదట్లో ఎత్తుతారేమో, దొరికిపోతానేమో అని వణికేదాన్ని. తర్వాత్తర్వాత ఈసారైనా ఎత్తుతారేమోనని ఎదురుచూశాను. మీరెప్పుడూ ఎత్తలేదు. ఇందులో క్రేను సీటు పాపం ఎంతో, నా పాపం ఎంతో నేను చెప్పలేను. తప్పని తెలుసు. చేసినందుకు బాధగా ఉందా అని వెతుక్కున్నాను గానీ, ఇంకా ఏమీ దొరకలేదు.

పెద్దాయన దగ్గర పరుపు తీసుకున్నాను. నా జీతంతో, నా నడుముకి. వెడల్పు మూడడుగులు. వడ్రంగిని పిలిపించి మంచాన్ని నడిమి దూలం దగ్గర రెండు ముక్కలుగా కోయించాను. రెండింటికీ కాళ్లు బిగించి, నా సగాన్ని అమ్మాయి గదిలో వేశాడు. నాలుగు రోజులుగా దాని మీద పడుకుంటున్నాను, మధ్యలో.

మిమ్మల్ని రావద్దని రాయమంది అమ్మాయి. నేను ఒప్పుకోలేదు. ఇల్లు మీది కూడా, రండి. మీ సగం మంచం మీ గదిలోనే ఉంది. పాత పరుపుని కూడా సగానికి కోసి, ఎండలో వేసి, దులిపి పరిచాను. చెక్కలు మాత్రం ఆరే ఉన్నాయి.

ఏడోది ఎక్కడికీ పోలేదు. వంటింట్లో పొయ్యి పైన ఉప్పు డబ్బా పెట్టే అర ఉంది కదా, అదే. ఆ మొదటి సెలవులో గోడకి అర కొట్టిపెట్టండి అని ఆ చెక్కే మీ చేతికిచ్చాను. మీరే కొట్టారు, నాలుగు పెద్ద మేకులు. ఇన్నేళ్లయినా ఇసుమంత కూడా కదల్లేదు. కావాలంటే ఊడదీసుకుని మంచానికి వేసుకోండి, నేను అడ్డు చెప్పను.

సుత్తి ట్రంకుపెట్టెలోనే ఉంది. పెట్టె మీ మంచం కిందే ఉంది. సుత్తి అడుగున ఉంటుంది, బాగా వంగి తీసుకోవాలి.

ఇట్లు,
మీ ఇంటావిడ