మీ బావగారి మతిమరుపు

ఏలూరు,
12 ఆగస్టు 2006.

ప్రియమైన చెల్లి క్యాథరిన్‌కు,

అక్క నిర్మల ప్రేమతో రాస్తున్న వందనాలు. దేవుని కృపవలన ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. ఆకివీడులో మీరంతా క్షేమమని నమ్ముతున్నాను. మొన్నటి వానకి చెరువులో చేపలు పోయాయని విన్నాను. దిగులు పడవద్దని మరిదిగారికి చెప్పు.

ఒక సంగతి ఎవరికి చెప్పుకోవాలో తెలియక నీకు రాస్తున్నాను. మీ బావగారికి మతిమరుపు మొదలైంది. ఆయనే చెప్పారు. ఒక్కణ్నీ వెళ్లాలంటే భయంగా ఉంది, నువ్వూ రా అన్నారు. సోమవారం ఆసుపత్రికి వెళ్లాం.

ఆ డాక్టరు నాడి చూడలేదు, సూది వెయ్యలేదు. బల్లమీద టేపు రికార్డరు పెట్టి, ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడండి అన్నాడు. రోజూ మాట్లాడే మాటల్లోనే ఈ జబ్బు తెలుస్తుందట. పొద్దున్నుంచీ ఏం చేశారండీ అని మీ బావగారిని అడిగితే ఆయన చక్కగా చెప్పారు. ఆ తరవాత, నాకెందుకో అర్థం కాలేదు, అన్నీ నన్నే అడిగాడు. కొర్రమేను పులుసు ఎలా పెడతారమ్మా అన్నాడు. నాకు రాని పులుసా? చేపను బూడిదతో రుద్ది కడిగి, చింతపండు పిసికి, ఆ మట్టిది, వెడల్పుగా ఉంటుందే, అందులో వేస్తానన్నాను. దేంట్లోనమ్మా అని మళ్లీ అడిగాడు. అందులోనే బాబూ అన్నాను. మీ బావగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. పాపం, భయపడ్డట్టున్నారు.

రిక్షాలో వస్తూ, డాక్టరు ఏమన్నాడండీ అని అడిగాను. నాతో ఎప్పుడూ మాట్లాడుతూ ఉండమన్నాడు అన్నారు. అప్పట్నుంచి నేను నోరు మూయడం లేదు.

అన్నట్టు, నీకు చెప్పలేదు కదూ, మీ బావగారికి మతిమరుపు మొదలైంది. వీలు చూసుకుని ఒకసారి రా.

నీ అక్క,
నిర్మల

తా.క.: అమ్మా క్యాథరిన్, ఈ కింది నాలుగు ముక్కలూ రాస్తున్నది నేను, మీ బావ ఆనంద్ పాల్‌ని. పోస్టు చెయ్యమని మీ అక్క ఉత్తరం నా చేతికిచ్చింది. మతిమరుపు నాకు కాదమ్మా, తనకి. కొన్నాళ్లుగా వస్తువుల పేర్లు నోటికి రావడం లేదు. చెప్పిందే చెబుతోంది. డాక్టరు దగ్గరికి వెళదామంటే, నాకేం జబ్బండీ అని కోప్పడేది. జబ్బు నాకే అన్నాను. వెంటనే చీర మార్చుకుని బయల్దేరింది. నా అనుమానం నిజమేనన్నారు డాక్టరుగారు. విజయవాడలో స్కానింగు తీయించమన్నారు. అక్కడికీ నా జబ్బు పేరు చెప్పే తీసుకెళతాను. నువ్వు వచ్చినప్పుడు తన ఎదుట నన్నే అడుగు తల్లీ, ఇప్పుడెలా ఉందండీ బావగారూ అని.