దయచేసి ఒక ప్రతి పంపగలరు

జూన్ 9

గెలిచాను. ప్రజల సొమ్ముతో చేసిన పరిశోధనను ఆ ప్రజలే మళ్ళీ కొనుక్కోవడం ఏ న్యాయమని అడిగితే మా యూనివర్సిటీ పాలకమండలి నీళ్ళు నమిలింది. హక్కుల పత్రం చదవకుండా పరిశోధన పత్రికలకు సంతకం చేసిచ్చిన ప్రతి ఆచార్యుడూ ఈ దోపిడీలో భాగస్వామే అన్నాను. హాలు దద్దరిల్లింది. పరిశోధనలు అందరికీ ఉచితంగా అందాలన్న ఓపెన్ యాక్సెస్ నియమం ఆమోదం పొందింది. పాత పేపర్లకు కూడా.

జూన్ 10, మధ్యాహ్నం

ఇక్కడే ఆచార్యుడిగా చేసిన నాన్న తాగునీటి గొట్టాల్లోని సీసం మీద రాసిన పేపర్ కోసం వెతికాను. నాన్న పోయి ఆరేళ్ళు. తెర మీద సగం పేజీ కనిపించింది. ఆ కింద తాళం బొమ్మ, మిగతాది చదవాలంటే డబ్బు కట్టాలని.

దోపిడీలో భాగస్వామి అన్నానే. చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

జూన్ 13

లైబ్రేరియన్ మేడమ్ పాత ఫైల్లోంచి పత్రికతో నాన్న చేసుకున్న ఒప్పంద పత్రం తీశారు. అచ్చయిన రూపం మీది, టైపు ప్రతి నాది అని అంచున చేత్తో రాసి పొట్టి సంతకం చేశాడు. పత్రిక అప్పట్లోనే ఒప్పుకుంది. నువ్వు తిట్టినవాళ్ళలో మీ నాన్నగారు లేరమ్మా, కాస్త ఊపిరి పీల్చుకో అన్నారు మేడమ్. వారసులుగా అమ్మా నేనూ సంతకం చేస్తే ఆ టైపు ప్రతిని ఉచిత లైసెన్సుతో ఆన్‌లైన్‌లో పెట్టవచ్చట.

జూన్ 14

అమ్మను ఒప్పించడానికి ఇంటికెళ్ళే బస్సులో మూడు వాదనలు సిద్ధం చేసుకున్నాను. అమ్మ దగ్గర ఒక్కటీ అవసరం పడదనుకుంటా.

జూన్ 15

టైపు ప్రతి బీరువా అడుగున ఉంది. అమ్మ టైపు చేసిందే. దాని పక్కన కార్డుల కట్ట.

ఆ రోజుల్లో పేపర్ అచ్చయితే పత్రికవారు రచయితకు పాతిక రీప్రింట్లు, అంటే విడి ప్రతులు, ఇచ్చేవారు. కావలసినవారు కార్డు రాసేవారు: దయచేసి ఒక ప్రతి పంపగలరు. నాన్న చిరునామా రాస్తే అమ్మ కవరు మడిచేది. స్టాంపు నా వంతు. నాలుక మీద ఆ జిగురు రుచి ఇప్పటికీ ఉంది. ఎప్పుడూ వంకరగానే అంటించేదాన్ని. పోస్ట్‌మాన్ మెడ పట్టేస్తుందే అని అమ్మ నవ్వేది. చివరి ప్రతి మాత్రం ఎవరికీ ఇవ్వకూడదని నాన్న నియమం. అది ఇంకా బీరువాలోనే ఉంది.

ఇక ఎవరైనా అడక్కుండానే తీసుకోవచ్చా అంది అమ్మ. అవును, నాన్న పేరు చెబితే చాలన్నాను. మరి కార్డు రాయరుగా అంది.

నా మూడు వాదనలూ హక్కుల గురించే.

చదివినవాళ్ళు ఒక కార్డు ముక్క రాయాలని ఆ లైసెన్సులో చేర్చమంది. షరతు పెడితే అది ఉచిత లైసెన్సు కాదన్నాను. షరతు కాదే లాయరమ్మా, మాటవరసకి అంది. అయినా కుదరదన్నాను. ఇంట్లో కూడా గెలిచాను.

అమ్మ కళ్ళజోడు తుడుచుకుని, పత్రం మొదటినుంచీ చివరిదాకా చదివి, సంతకం పెట్టింది.

జూలై 2

పేపర్ అందరికీ తెరుచుకుంది. తాళం బొమ్మ లేదు. నాన్న పేరు ఉంది.

ఆగస్టు 11

నూట నలభై మూడు డౌన్‌లోడ్లు! అమ్మకు ఫోన్ చేశాను. ఎవరెవరే అంది. తెలియదన్నాను. ఒక్కరి పేరూ తెలియదా అంది. కనీసం ఏ ఊరివాళ్ళో? అదీ తెలియదన్నాను. ఊరికే అడిగాలే, టపా వచ్చే వేళయింది, పెట్టేస్తున్నా అంది.

పేపర్ తెరుచుకున్నప్పటినుంచీ ఆమె టపా కోసం చూస్తోందన్నమాట.

ఆగస్టు 12

మూడు పోస్టుకార్డులు కొన్నాను. ముందు రాసిన రెండింటిలో వాదన దొర్లింది. చింపేశాను. మూడోదానిలో ఒకే వాక్యం, కింద హాస్టల్ చిరునామా. అమ్మకు పోస్టు చేశాను.

ఆగస్టు 20

కవరు వచ్చింది. లోపల చివరి ప్రతి. అమ్మ స్టాంపు వంకరగా అంటించింది.