మేడమీద పోర్షన్ మాస్టారికే ఇవ్వాలి

అన్నయ్యకు,

రెజైనా నుంచి నీ చెల్లెలు సుజాత నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నీ బీపీ, వదిన మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఆ నూనె మానకుండా రాసుకుంటోందా? ఫోన్ చేస్తే రెండో మాటకే వదిన చేతికిచ్చి తప్పుకుంటావు కనుక, కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను. చివరిదాకా చదువు. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది.

పోయిన ఆదివారం ఫోన్లో నవ్వుతూ చెప్పావు. మన మేడమీద పోర్షన్ చూడటానికి ఒక లెక్కల మాస్టారు వచ్చాడనీ, ఇంటిపేరు అడిగితే నీకు అంతుపట్టలేదనీ, ఊరడిగి, ఊళ్ళో ఇల్లు ఏ వైపని కూడా అడిగి తేల్చుకుని, అడ్వాన్స్ తీసేసుకున్నామండీ అని పంపేశాననీ. ఆయన లాడ్జిలో ఉంటున్నాడు, ఇల్లు దొరక్క భార్యాపిల్లల్ని తెచ్చుకోలేకపోతున్నాడు అని కూడా నువ్వే అన్నావు. నేను నోరు మెదపలేదు. ఎందుకు మెదపలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇక్కడ మార్చి వచ్చినా మంచు కరగలేదు, మైనస్ ఇరవై. రిటైరయ్యాక ఏమీ తోచక లైబ్రరీలో పుస్తకాలు చదివే వాళ్ళ గ్రూపులో చేరాను. నెలకో పుస్తకం చదివి, గురువారం మధ్యాహ్నం కూర్చుని మాట్లాడుకుంటాం. ఈ చలికాలమంతా అమెరికాలో నల్లజాతివాళ్ళకు జరిగిన అన్యాయాల మీద పుస్తకాలే. వాళ్ళుండే పేటల చుట్టూ మ్యాపుల్లో గీతలు గీసి బ్యాంకులు లోన్లు ఇవ్వలేదట. వాళ్ళకు అమ్మకూడదని ఇళ్ళ దస్తావేజుల్లోనే రాసుకున్నారట. చేతిలో డబ్బున్న మనిషికి కూడా ఇల్లు దొరక్కుండా చేసి, మీకు ఆస్తులెందుకు లేవని తిరిగి వాళ్ళనే అడిగారు. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. మీ బావగారికి చదివి వినిపిస్తూ కూర మాడబెట్టాను.

ఆ ఆదివారానికి ముందు గురువారం నా వంతు వచ్చినప్పుడు నా సొంత కథ చెప్పాను. నీకు తెలిసిందే. మేం ఈ దేశానికి కొత్తగా వచ్చి ఎటోబికోలో దిగినప్పుడు ఒకాయన ఇల్లు ఖాళీ లేదని మా మొహం మీదే తలుపేసి, నెల దాటినా బోర్డు తియ్యలేదు. ముప్పై ఏళ్ళుగా కనిపించినవాళ్ళందరికీ చెబుతున్నాను. అక్కడా చెప్పి కళ్ళు తుడుచుకున్నాను. అందరూ అయ్యో అన్నారు. నా పక్కన మార్లీన్ అనే నల్లావిడ కూర్చుంది. డెట్రాయిట్‌లో పుట్టి పెరిగి, ఇక్కడ హాస్పిటల్లో నర్సుగా చేరిందట. గ్రూపుకి రావడం అదే మొదలు. ఆవిడ మాత్రం అందరూ వెళ్ళాక కోటు వేసుకుంటూ మెల్లగా చెప్పింది.

"అక్టోబరులో మీ బేస్‌మెంట్ చూడటానికి వచ్చాను. ఖాళీ లేదన్నారు. ఇంకో వారం దాకా మీ ప్రకటన అలాగే ఉంది."

నిజమే అన్నయ్యా, మా ఇంటి కింది పోర్షన్ అద్దెకిస్తామని ప్రకటన పెడితే వచ్చింది. వంట వాసనలనీ, మనవాళ్ళైతే నయమనీ మేమిద్దరం అనుకున్నాం. తలుపు దగ్గర అబద్ధమాడింది నేనే. నా పోపుకే ఇంట్లో పొగ అలారం మోగుతుంది, నేను ఆవిడ వంట గురించి మాట్లాడాను. తర్వాత తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇంటిపేరు చూసుకుని మరీ ఒక జంటకు ఇచ్చాం. రెండు గంటలు పక్కన కూర్చున్నా ఆవిణ్ణి నేను గుర్తుపట్టలేదు. ఆ రోజు ఆవిడ రంగు చూశానే కానీ మొహం చూడలేదు.

క్షమించమని అడిగాను.

"నాకు ఇల్లు దొరకడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. అప్పుడు చెప్పి ఉంటే పనికొచ్చేది" అని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి చెబితే మీ బావగారు, అయిపోయినదానికి ఇప్పుడెందుకు గొడవ అన్నారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నా మీద కోపం ఆయన మీద చూపించాను, ఇప్పుడు నీ మీద చూపిస్తున్నానని నువ్వనుకోవచ్చు. అనుకో. ఎక్కడో అమెరికాలో ఎవరో గీతలు గీశారని గుండెలు బాదుకున్నాను కానీ, మన ఇంట్లో చిన్నప్పటి నుంచీ విన్న ప్రశ్న మాత్రం నాకు తప్పనిపించలేదు. నాన్న అడిగాడు, నువ్వు అడుగుతున్నావు, నేను విమానమెక్కి ఇంత దూరం వచ్చి కూడా అడిగాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇక విను. నాన్న ఆ ఇల్లు మనిద్దరి పేరా రాశాడు. ఇన్నేళ్ళూ నా వాటా మాట ఎత్తలేదు, ఇప్పుడెత్తుతున్నాను. మేడమీద పోర్షన్ మాస్టారికి తప్ప ఇంకెవరికిచ్చినా నేనొప్పుకోను. ఈ సాయంత్రమే ఆ లాడ్జికి వెళ్ళు. అడ్వాన్స్ ఎవరూ ఇవ్వలేదనీ, అబద్ధం చెప్పాననీ, ఎందుకు చెప్పావో కూడా నీ నోటితోనే చెప్పు. రావడం, రాకపోవడం ఆయన ఇష్టం. నాలుగు మాటలంటే పడు.

పిన్నికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఎవరైనా ఇటు వస్తుంటే వదిన్ని కాస్త కందిపొడి పంపమను. పెద్దవాడివి, ఎప్పుడూ ఉత్తరం చివర నీ దీవెన అడుగుతాను. ఈసారి ముందు ఆయన్ని కలిసిరా. అప్పటిదాకా నాకొద్దు.

నీ చెల్లెలు,
సుజాత